ఏడో రెక్క

మార్చి 3, ఆదివారం

బీపీ: పొద్దున 148/92. సాయంత్రం చూసుకోలేదు.

ఈ నోటుబుక్కు ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చింది. రోజూ రెండుపూటలా బీపీ రాయమంది. రెండు అంకెలకి ఇంత పెద్ద పేజీ ఎందుకో నాకర్థం కాలేదు. ఊళ్ళో బడిలో ఆరో తరగతి దాకా చదివినవాణ్ణి. ఖాళీ పేజీ చూస్తే మాస్టారు వెనకాలే నిలబడ్డట్టుంటుంది. అందుకని మిగతాది కూడా నింపుతున్నాను. నర్సమ్మకి చూపించే ముందు చింపేస్తాను.

ఇవ్వాళ సరస్సు మీద గాలి. మోంతెర్రే నుంచి ఓ పెళ్ళికొడుకు, వాడి స్నేహితులు నలుగురు వచ్చారు. ఒక్కొక్కడు వంద కిలోలకి తక్కువ లేడు. నిలబడి తెడ్డు వేసే బోర్డులు అద్దెకి కావాలన్నారు. నా అలవాటు ప్రకారం బోర్డుల అడుగున, నీళ్ళలోకి దిగేలా, బెత్తెడు రెక్కలే బిగించాను. బెత్తెడు రెక్కయితే రాళ్ళకి తగలదు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. గాలిలో మాత్రం బోర్డు ముక్కు నిలవదు. అయిదుగురూ అయిదు దిక్కులకి పోయారు. ఒకడు రేవు స్తంభాన్ని కౌగిలించుకుని వదల్లేదు.

"తాతా, నీ బోర్డులు తాగున్నాయా?" అన్నాడు పెళ్ళికొడుకు.

"లేదు బాబూ, అవి పొద్దున్నే చర్చికి వెళ్ళొచ్చాయి. తాగింది మీరే" అన్నాను.

నవ్వారు. తర్వాత ఒకడు ఫోను తీసి, నెట్‌లో మా రేవుకి ఒకే ఒక్క స్టారు ఇస్తానన్నాడు. వాడు వీడియో తీస్తూ నా మొహం మీదికి తిప్పాడు. అందరూ మళ్ళీ నవ్వారు.

అందుకని రెక్కలు మార్చాను. గాలికి తగ్గట్టు మార్చాను.

అంతా బాగానే జరిగింది. గీత గీసినట్టు తిన్నగా వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు గాలి ఎదురైంది, అలిసిపోయారు, అడ్డదారిన తీసుకొచ్చాను. అంతా బాగానే జరిగింది.


మార్చి 4

గరుకు కాగితం కొన్నాను. తలుపు పట్టేస్తోంది.


మార్చి 5, మంగళవారం

బీపీ: 155/96.

సరస్సు కమిటీ పెద్ద కసిల్డా పొద్దున్నే వచ్చింది. వెనకాల చెటుమాల్ నుంచి బయాలజిస్టు అమ్మాయి. ఆ అమ్మాయి ఏడ్చినట్టుంది. రాళ్ళ కోసం ఏడ్చే మనుషుల్ని నేను మా బకలార్‌లోనే చూశాను.

"అన్నయ్యా, టేపు తీసుకుని పడవెక్కు. నువ్వే కొలిచి చెప్పాలి" అంది కసిల్డా.

"ఏం కొలవాలి?"

"ఎవడో రాళ్ళు గీశాడు. శనివారం దాకా బాగానే ఉన్నాయి."

వెళ్ళాం. కాలువ మలుపులో, మోకాటిలోతు నీళ్ళలో బతికున్న రాళ్ళు గుంపుగా ఉంటాయే, అక్కడ. ఒకదాని నెత్తిమీద మూరెడు గీత. పైపొర లేచిపోయి, లోపల కొబ్బరి పలుకులా తెల్లగా. కంటికి కనపడని జీవాలు పొర మీద పొర కడతాయిట, అందుకే రాయి బతికే ఉంటుందిట, పెరుగుతుందిట. వెంట్రుకంత మందం పెరగడానికి ఏడాదిట. ఈ గీత పూడేసరికి మనమెవరం ఉండమని చెప్పింది ఆ అమ్మాయి.

"అప్పటికి నా బీపీ కూడా దిగుతుంది" అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

గీతలో నీలం రంగు పెచ్చు ఒకటి అతుక్కుని ఉంది.

నీళ్ళు కొలిచాను. గీత లోతు కొలిచాను. ఎంత బరువున్న మనిషి నిలబడితే బోర్డు ఎంత మునుగుతుందో వేళ్ళ మీద లెక్కేసి చెప్పాను. "జానెడు రెక్క. బెత్తెడుదైతే ఇక్కడిదాకా అందదు." నిజమే చెప్పాను. రెక్కల సంగతి ఈ ఊళ్ళో ఫిదెన్సియోకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదని అందరూ అంటారు. నేనూ కాదనను.

"నీలం రంగు జానెడు రెక్కలు వీల్బర్ట్‌వి కదూ?" అంది కసిల్డా. వీల్బర్ట్ నా స్నేహితుడు, వాడూ నాలాగే బోర్డులు అద్దెకిస్తాడు.

"వాడివే. పోయినేడు జానెడువి వాడకూడదని మీరు చెప్పినప్పుడు, మూటగట్టి నా షెడ్డులో పడేసి పోయాడు."

"అన్నీ పడేశాడా?"

షెడ్డుకొచ్చాం. కసిల్డా మూట విప్పి నేలమీద పరిచింది. ఆరు. ఆరూ శుభ్రంగా, నీలంగా.

"నీకు ఇచ్చినప్పుడు ఎన్నున్నాయి?"

"లెక్కపెట్టలేదు" అన్నాను.

"వీటిల్లో దేనికీ దెబ్బ లేదు. అయితే ఏడోదొకటి వాడి దగ్గరే ఉండిపోయుండాలి" అంది కసిల్డా. బయాలజిస్టు అమ్మాయి పుస్తకంలో రాసుకుంది. నేను చెప్పింది అంతే. వీల్బర్ట్ చేశాడని నేను అనలేదు.


మార్చి 6, బుధవారం

ఇవ్వాళ సరస్సుకి సెలవు. వారంలో ఒకరోజు పడవలూ బోర్డులూ ఏవీ దిగకూడదు. మేమే పెట్టుకున్న రూలు. సరస్సు పడుకుంటుంది, మేం ఊయల మంచాల్లో పడుకుంటాం. నాకు నిద్ర పట్టలేదు.

ఇది నేను ఒక్కణ్ణే చదువుకునే పుస్తకం కాబట్టి రాస్తున్నాను. ఆరు. వీల్బర్ట్ మూట పడేసి వెళ్ళిన రోజే లెక్కపెట్టాను. నేను చిక్కుడు గింజలు కొన్నా లెక్కపెట్టే మనిషిని. అప్పుడు ఆరు, ఇప్పుడు ఆరు. ఏడోది లేదు, ఎప్పుడూ లేదు.

ఆదివారం మూటలోంచి అయిదు తీసి పెళ్ళివాళ్ళ బోర్డులకి బిగించాను. రాళ్ళ గట్టు మీదుగా వస్తుంటే పెళ్ళికొడుకు బోర్డు కింద కర్రుమని చప్పుడైంది. విన్నాను. నేను వెనక్కి తిరగలేదు. సోమవారం ఆ రెక్క కొసని గరుకు కాగితంతో రుద్ది, చిన్న డబ్బా నీలం రంగు తెచ్చి పూశాను.

మా తలుపు పట్టెయ్యట్లేదు. బాగానే ఉంది.


మార్చి 8, శుక్రవారం

కమిటీ కూర్చుంది. తాటాకు పందిరి కింద పాతికమందిమి. వీల్బర్ట్ నా పక్కనే కూర్చున్నాడు, ఎప్పట్లాగే, నా కుర్చీ మీద సగం కాలు పెట్టుకుని.

"ఎన్ని రెక్కలు ఇచ్చావయ్యా?" అంది కసిల్డా.

"అన్నీ ఇచ్చేశా."

"అన్నీ అంటే ఎన్ని?"

"అన్నీ అంటే అన్నీ. కసిల్డా అక్కా, నేను పెళ్ళినాడే పెళ్ళి తారీకు మర్చిపోయిన మనిషిని. నన్ను లెక్కలు అడుగుతావేంటి?"

అందరూ నవ్వారు. తర్వాత కసిల్డా నీలం పెచ్చుని గాజు సీసాలో పెట్టి చూపించింది. నవ్వు ఆగిపోయింది.

ఏడో రెక్క తెచ్చి ఇచ్చేదాకా వీల్బర్ట్ బోర్డులు నీళ్ళలో దించకూడదన్నారు. ఈస్టరు వారం ఇంకో రెండు వారాల్లో. ఏడాదంతా తినేది మేం ఆ వారంలోనే సంపాదిస్తాం.

బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేశాడు. "ఒరేయ్ ఫిదె, ఏడోది ఎక్కడ పెట్టానంటావురా?"

"నాకేం తెలుసు?" అన్నాను.

"నువ్వు లెక్కపెట్టుంటే బాగుండేదిరా."

"అవును" అన్నాను.


మార్చి 10, ఆదివారం

బీపీ: 160/98.

పొద్దున్నే వీల్బర్ట్, వాడి బావమరిది గాస్పర్ ఇద్దరూ నా రేవుకొచ్చారు. "నా బోర్డులు ఎండలో పడుకున్నాయి. నేనూ పడుకుంటే ఎల్మి చీపురు తిరగేస్తుంది. పనివ్వరా" అన్నాడు వీల్బర్ట్. ఎల్మి వాడి పెళ్ళాం, గాస్పర్ అక్క.

ఇచ్చాను.

ఎవరికి ఏ రెక్క పెట్టాలన్న దాని మీద నాకూ వీడికీ ముప్పై ఏళ్ళుగా తగాదా. మనిషిని చూసి పెట్టాలంటాడు వాడు. బరువైనవాడికి పొడుగుది, భయస్తురాలికి ఇంకా పొడుగుది, చిన్నపిల్లకి పొట్టిది. మనిషి తిన్నగా పోతే నవ్వుతాడు, నవ్వితే మళ్ళీ వస్తాడు. నీళ్ళని చూసి పెట్టాలంటాను నేను. మోకాటిలోతులో బెత్తెడు. నడుములోతులో నాలుగు వేళ్ళు ఎక్కువ. నాచు ఉన్నచోట వెనక్కి వాలిన రెక్క, నాచు జారిపోయేలా. గాలి ఉంటే రెక్కని గాడిలో బాగా వెనక్కి జరిపి బిగించు, పొడుగుది పెట్టినంత కాకపోయినా సగం పని చేస్తుంది. మనిషి ఓ గంట అటూ ఇటూ ఊగితే చచ్చిపోడు.

పోయినేడు కమిటీలో ఇదే అరగంట చెప్పాను. చప్పట్లు కొట్టారు. వీల్బర్ట్ కూడా కొట్టాడు. కొట్టి, వెళ్ళి, మూట తెచ్చి పడేశాడు.

ఇవ్వాళ వాడు నా దగ్గర వంగుని ఒక్కో బోర్డూ తిప్పుతూ, "అయ్యగారూ, ఈ లావుపాటావిడకి ఏది పెట్టమంటారు?" అని ఆటపట్టించాడు.

"బెత్తెడు, వెనక్కి జరిపి" అన్నాను.

"గాలుంది కదయ్యగారూ. ఊగుతుంది పాపం."

"ఊగనీ."

"రాతిగుండె మా అయ్యగారిది" అన్నాడు గాస్పర్‌తో. గాస్పర్ నవ్వాడు. గాస్పర్ మాట తక్కువ మనిషి, పళ్ళు బాగుంటాయి.

మొన్న ఆదివారం నేను నీళ్ళని చూడలేదు. మనిషిని చూశాను. మనిషిని కూడా కాదు, వాడి చేతిలో ఫోను చూశాను.


మార్చి 11

బీపీ చూసే మిషను బ్యాటరీ అయిపోయింది. మంచిదే.


మార్చి 13, బుధవారం

సరస్సుకి సెలవు కదా, వీల్బర్ట్ షెడ్డు నేల పీకేస్తున్నాడని విని వెళ్ళాను. నిజంగానే పీకేస్తున్నాడు. చెక్కలన్నీ లేపి, కింద ఇసకలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతుకుతున్నాడు. దొరికినవి వరసగా పెట్టాడు. ఒక చెప్పు, మూడు బీరు మూతలు, 2009 నాటి చర్చి క్యాలెండరు, ఎవరిదో కట్టుడు పన్ను.

"పన్ను నీదేనా?" అన్నాను.

"ఒరేయ్, సాయం పట్టు."

సాయం పట్టాను. లేని వస్తువు కోసం రెండు గంటలు ఇసక తవ్వాను. ఆ రెండు గంటల్లో ఎప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మధ్యలో వాడు పోసోల్, అదే మొక్కజొన్న జావ, తాగడానికి లేచాడు. అప్పుడు చెబుదామనుకున్నాను. గిన్నె నాకే ముందు అందించాడు. తాగేశాను.

తర్వాత గాస్పర్ వచ్చాడు. వీల్బర్ట్ ఇసకలోంచి తలెత్తి, "పోయినేడు మూట కట్టింది ఎవర్రా?" అన్నాడు.

"నేనే" అన్నాడు గాస్పర్.

"ఎన్ని పెట్టావు?"

"గోడకున్నవన్నీ పెట్టాను. లెక్క చూళ్ళేదు."

వీల్బర్ట్ వాడి వంక కాసేపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆలోచన పుడుతున్న చూపు. నేను నా టోపీ వెతుక్కున్నాను. అది నా నెత్తిమీదే ఉంది.


మార్చి 15, శుక్రవారం

మా ఆవిడ లిగియా రాత్రి అన్నం పెడుతూ అడిగింది. "ఏమయ్యా, ఆ రోజు రంగు తెచ్చావే, ఎందుకు?"

"తలుపుకి."

"మన తలుపు ఆకుపచ్చ."

"నీలం వేద్దామనుకున్నాను."

"వేశావా?"

"లేదు."

"మరి డబ్బా సగం ఖాళీ అయింది?"

"ఒలికింది" అన్నాను.

పల్లెం తీసి కడిగింది. కడిగి మళ్ళీ కడిగింది. ఇరవై ఏడేళ్ళుగా నా జోకులకి తలుపు చాటునైనా నవ్వేది. ఈ వారం నవ్వలేదు. జోకులు బాగోలేవేమో అనుకున్నాను.


మార్చి 17, ఆదివారం

గాస్పర్ వెళ్ళిపోయాడు.

నిన్న సాయంత్రం నా రేవు మీదే, బోర్డులు కడుగుతుంటే. "ఒకటి దాచుకున్నావు. నాకు తెలీకుండా ఆదివారం గుంపుని తీసుకెళ్ళావు. చెప్పెయ్" అన్నాడు వీల్బర్ట్.

"నేను తియ్యలేదు బావా."

"మూట కట్టింది నువ్వు. తాళం చెవి ఉన్నది నీ దగ్గర. ఇంకెవడు?"

"నేను తియ్యలేదన్నా కదా."

"పద్దెనిమిదేళ్ళు నా తిండి తిన్నావు" అన్నాడు వీల్బర్ట్. "నా తిండి తిని నా నెత్తికే తెచ్చావు."

గాస్పర్ చేతిలో స్పాంజి ఉంది. దాన్ని బకెట్లో మెల్లిగా పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. నా వంక ఒక్కసారి చూశాడు. నేను పెద్దవాణ్ణి కదా, మధ్యలో ఓ మాట అంటానని చూశాడు. నేను బోర్డు తుడుస్తున్నాను. అప్పటికే తుడిచేసిన బోర్డు.

పొద్దున్న మొదటి బస్సుకి చెటుమాల్ పోయాడట. అక్కడ టైర్ల షాపులో పనికి కుదిరాడట. ఎల్మి వంటింట్లోంచి బయటికి రావట్లేదట.


మార్చి 18, సోమవారం

కసిల్డా కబురు పెట్టింది. శుక్రవారం మళ్ళీ కమిటీ. తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసిస్తే వీల్బర్ట్‌ని ఈస్టరు వారానికి నీళ్ళలోకి దిగనిస్తారు. ఒప్పుకోకపోతే వాడి రేవు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అడిగేవాళ్ళు ముగ్గురున్నారు. వీల్బర్ట్ నాన్న పాతిన స్తంభాలవి.

సాయంత్రం వచ్చాడు. "ఒరేయ్ ఫిదె, ఉత్తరం రాసిపెట్టరా. నేనే చేశానని రాయి."

"నువ్వు చేశావా?"

"గాస్పర్ చేశాడు. కానీ వాడి పేరు పేపరు మీద ఎక్కకూడదు. ఎల్మి తమ్ముడు. ఎక్కితే ఈ ఊళ్ళో మళ్ళీ అడుగుపెట్టలేడు. నా పేరు పోతే పోనీ, నాది ఎలాగూ పోయింది."

"గాస్పర్ కాదేమో" అన్నాను.

"మరెవరు?"

ఆ ప్రశ్నకి జవాబు నాలిక చివర ఉంది. లిగియా గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. "రాసిపెడతాను" అన్నాను.

"నీకు మాటలొచ్చు. చదివినోళ్ళకి కడుపు తరుక్కుపోవాలి" అన్నాడు.


మార్చి 20, బుధవారం

కొత్త బ్యాటరీ వేశాను. 172/104. మిషను పాడైందనుకుంటా.

ఉత్తరం మూడుసార్లు రాశాను. మొదటిది మరీ జోకుగా వచ్చింది. రెండోది కోర్టు కాగితంలా ఉంది. మూడోది కూర్చున్నపాటున, ఒక్క మాట కొట్టెయ్యకుండా వచ్చేసింది. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

"కమిటీ పెద్దలకి. మార్చి మూడో తారీకున రాయి మీద గీత నా వల్ల పడింది. ఆ రోజు గాలి. వచ్చినవాళ్ళ బోర్డులు తిరిగిపోతుంటే నన్ను చూసి నవ్వారు. నేను నలుగుర్నీ నవ్వించేవాణ్ణే గానీ నన్ను చూసి నవ్వితే తట్టుకోలేనని ఆ రోజే తెలిసింది. వాడకూడదన్న రెక్కలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. తీసి పెట్టాను. తిరిగొచ్చేటప్పుడు తొందరపడి రాళ్ళ గట్టు మీదుగా తీసుకొచ్చాను. చప్పుడు విన్నాను. ఆగలేదు. తర్వాత మీరు అడిగారు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. నా వల్ల ఒక అమాయకుడు మాట పడ్డాడు."

చివర సంతకం కోసం ఖాళీ వదిలాను.


మార్చి 21

లిగియా మంచం కిందనుంచి రంగు డబ్బా తీసి నా నోటుబుక్కు మీద పెట్టింది.


మార్చి 22, శుక్రవారం

బీపీ చూసుకోలేదు. చూసుకుంటే మిషను పేలేది.

పందిరి కింద అందరూ ఉన్నారు. బయాలజిస్టు అమ్మాయి కూడా. వీల్బర్ట్ ఉత్తరం చేతిలో పట్టుకుని లేచాడు, చొక్కా ఇస్త్రీ చేసుకుని. కాగితాన్ని ముక్కు దగ్గరికి, దూరానికి జరిపాడు. "కళ్ళజోడు మర్చిపోయాను. ఒరేయ్, నువ్వు రాసిందే కదా, నువ్వే చదువు."

తీసుకున్నాను. చదివాను. "గీత నా వల్ల పడింది" అన్నచోట వెనక ఎవరో నిట్టూర్చారు. "చప్పుడు విన్నాను. ఆగలేదు" అన్నచోట కసిల్డా చెయ్యెత్తి ఆపింది.

"వీల్బర్ట్, చప్పుడు విన్నావా నువ్వు? విని కూడా వచ్చేశావా?"

వీల్బర్ట్ నా వంక చూశాడు. "విన్నానని రాశాడు కదక్కా. వినే ఉంటాను."

చివరిదాకా చదివాను. సంతకం దగ్గరికొచ్చాను. అక్కడ ఖాళీ ఉంది కదా. "ఇట్లు, ఫిదెన్సియో కవూయిచ్" అన్నాను.

పందిరంతా ఘొల్లుమంది. వీల్బర్ట్ అందరికన్నా ముందు నవ్వాడు, తొడ మీద కొట్టుకుని. "నా ఉత్తరం కొట్టేస్తున్నాడ్రా వీడు!"

"అన్నయ్యా, ఆటలొద్దు. పేరు సరిగ్గా చదువు" అంది కసిల్డా.

"ఫిదెన్సియో కవూయిచ్" అన్నాను.

ఈసారి సగం మందే నవ్వారు. మూడోసారి చెప్పాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళు జోకులు చెప్పినవాడు నిజం చెప్పాలంటే మూడుసార్లు చెప్పాలి కాబోలు. మూడోసారికి ఎవరూ నవ్వలేదు. "ఆరే ఉన్నాయి. ఆరే ఇచ్చాడు. ఇచ్చిన రోజే లెక్కపెట్టాను. ఏడోది లేదు" అన్నాను. కసిల్డా మూట తెప్పించింది. బయాలజిస్టు అమ్మాయి ఒక్కో రెక్క కొసా గోటితో గీకి చూసింది. నాలుగోదాని రంగు పెళుసుగా లేచొచ్చింది. లోపల అరిగిన కొస.

"నేను ఏడ్చానని నవ్వారు మీరు" అంది ఆ అమ్మాయి. నవ్వలేదు నేను. మనసులో నవ్వానేమో. ఎలా తెలిసిందో.

నా బోర్డులు డిసెంబరు దాకా నీళ్ళలో దించకూడదు. రెక్కల మాట ఇంక నన్ను అడగరు. వీల్బర్ట్ రేవు వీల్బర్ట్‌దే. కసిల్డా ఇవన్నీ చదువుతుంటే నేను వాడి వైపు చూశాను. నా కుర్చీ మీంచి కాలు తీసేశాడు.


మార్చి 23, శనివారం

వీల్బర్ట్ వస్తాడనుకోలేదు. వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. కొట్టడానికొచ్చాడేమోనని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

"నాతోపాటు ఇసక తవ్వావు" అన్నాడు.

"అవును."

"రెండు గంటలు తవ్వావు."

"అవును."

"రాయి సంగతి వదిలెయ్. రేవు పోతుందన్న భయం వదిలెయ్. గాస్పర్‌ని నేను అంటున్నప్పుడు నువ్వు మూడడుగుల దూరంలో ఉన్నావురా."

ఉన్నాను.

"పొద్దున ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎల్మి చేసినా ఎత్తలేదు. నువ్వెళ్ళు. నువ్వే చెప్పు వాడికి. ఇంటికి తీసుకురా."

"నా మాట వింటాడా?"

"నీ మాట ఎవడు వినలేదు?" అన్నాడు వీల్బర్ట్.

వెళ్ళిపోయాడు. లిగియా అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుంది. చాలా రోజుల తర్వాత కూర్చుంది.


మార్చి 25, సోమవారం. బస్సులో రాస్తున్నాను, అక్షరాలు ఊగుతున్నాయి.

టైర్ల షాపు మార్కెట్ వెనక ఉంది. గాస్పర్ ఒక టాక్సీ చక్రం బిగిస్తున్నాడు. నన్ను చూసి, "ఏంటన్నా, ఇంత దూరం జోకు చెప్పడానికొచ్చావా?" అన్నాడు.

చెప్పాను. మొదట్నుంచీ చెప్పాను. పెళ్ళికొడుకు, గాలి, మూట, గరుకు కాగితం. గాస్పర్ ఒక్కో బోల్టూ బిగిస్తూనే విన్నాడు. చివరి బోల్టు అయ్యాక స్పానర్ కింద పెట్టాడు.

"అంతేనా?"

"అంతే."

"సరే. నీ మీద నాకేం కోపం లేదన్నా. భయపడ్డావు, అబద్ధమాడావు. నీ చోట నేనున్నా అదే చేసేవాణ్ణేమో. నువ్వు నన్నేమీ అనలేదు కూడా."

ఇంత తేలిగ్గా వదిలేస్తాడనుకోలేదు. గుండె తేలికపడాలి. పడలేదు.

"అయితే ఇంటికి పద. వీల్బర్ట్ బాధపడుతున్నాడు. ఎల్మి వంటింట్లోంచి రావట్లేదు."

"అక్కని నేను చూసుకుంటాను. అక్కే ఇక్కడికి వస్తుంది." చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ. "పద్దెనిమిదేళ్ళన్నా. వాడి బోర్డులు మోశాను. వాడి పిల్లలకి ఈత నేర్పాను. నువ్వు లెక్కపెట్టలేదన్నావు, నమ్మాడు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నేను తియ్యలేదన్నాను, రెండుసార్లు అన్నాను. నమ్మలేదు. నువ్వు ఆ అబద్ధం చెప్పకపోతే, వాడి మనసులో నేనేంటో నాకెప్పటికీ తెలిసేది కాదు."

"వాడికేం చెప్పమంటావు?"

"ఇదే చెప్పు."

ఇంకో కారు వచ్చింది. జాకీ తీసుకుని దాని కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతో కాసేపు మాట్లాడాను.

ఇప్పుడు బస్సు ఊరి ముందు మిట్ట దిగుతోంది. సరస్సు కనిపిస్తోంది. వీల్బర్ట్ బోర్డులు నీళ్ళ మీదున్నాయి, ఆరు, తిన్నగా పోతున్నాయి. ఏ రెక్కలు పెట్టాడో ఇక్కణ్ణుంచి తెలీదు. నన్నెవరూ అడగలేదు.

దారంతా మాటలు వెతుక్కుంటున్నాను. ఆలోచించుకుంటానన్నాడని చెప్పొచ్చు. ఈస్టరు వెళ్ళాక వస్తానన్నాడని చెప్పొచ్చు. పని ఎక్కువగా ఉందట, మొహం బాగానే ఉందని చెప్పొచ్చు. వాడు నమ్ముతాడు. ఇంత జరిగాక కూడా నమ్ముతాడు, నాకు తెలుసు. ఈ రాత్రి నిద్రపోతాడు. రేపూ ఎల్లుండీ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటాడు.

నన్ను క్షమించాడు. నిన్ను కాదు. రెండు మాటలూ చెప్పాలి.

స్టాపు కనిపిస్తోంది. నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని, బస్సులో రెండో మనిషి కోసం కిటికీలన్నీ చూస్తున్నాడు.

మొదటి మాట ముందు చెబితే రెండోది గొంతులోనే ఉండిపోతుంది. రెండోదే ముందు చెబుతాను.